మొదటి సినిమా తీశాం, ఏ ఫెస్టివల్‌కి పంపాలి అన్నా?

ప్రశ్న: అన్నా, మాది పార్వతీపురం దగ్గర పల్లె. ఫ్రెండ్స్ అందరం కలిసి ఒక మేకల కాపరి, అతని మనవరాలి కథ సినిమాగా తీశాం. 2 గంటల 8 నిమిషాలు వచ్చింది. మా బావ పొలం తాకట్టు పెట్టి కొంత, ఫ్రెండ్స్ కొంత, మొత్తం 22 లక్షలు అయ్యింది. నటించినోళ్లంతా ఊళ్లో వాళ్లే. ఎడిట్ దాదాపు అయిపోయింది, సౌండ్ మిక్సింగ్, డీఐ (కలర్ సరిచేసే పని) మిగిలాయి. ఫెస్టివల్స్ కోసం ఒక లక్ష పక్కన పెట్టాం. ఫెస్టివల్స్‌కి ఆన్‌లైన్‌లో సినిమా పంపే సైట్ ఫిల్మ్‌ఫ్రీవేలో ఒక అరవైకి కొట్టెయ్, ఏదో ఒకటి తగుల్తుంది అంటున్నాడు ఒక ఫ్రెండ్. ట్రయల్‌గా ఒకదానికి పంపితే బెస్ట్ డెబ్యూ డైరెక్టర్ అవార్డు వచ్చిందని మెయిల్ వచ్చింది, ట్రోఫీ కావాలంటే 120 డాలర్లు కట్టమన్నారు. సెన్సార్ ఇప్పుడే చేయించాలా? ఊళ్లో తెర కట్టి ముందు మావాళ్లకి చూపించొచ్చా? బావేమో ఇవన్నీ ఎందుకు, ఓటీటీకి ఇచ్చెయ్, తీసుకోకపోతే యూట్యూబ్‌లో పెట్టెయ్ అంటున్నాడు. ఏం చెయ్యమంటావ్?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 120 డాలర్లు కట్టకు. ఫిల్మ్‌ఫ్రీవేలోకి వెళ్లి ఆ సబ్మిషన్ విత్‌డ్రా చేసేసి, మా సినిమా ఎక్కడా ఆన్‌లైన్‌లో వెయ్యొద్దు అని వాళ్లకి ఒక్క లైను మెసేజ్ పెట్టి దాని స్క్రీన్‌షాట్ దాచుకో. నెలనెలా అవార్డులిచ్చే ఇలాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి, పేరులో ఏదో ఒక పెద్ద సిటీ పేరు ఉంటుంది, బెస్ట్ డెబ్యూ, బెస్ట్ ఏషియన్ ఫిల్మ్, బెస్ట్ పోస్టర్, బెస్ట్ మొబైల్ ఫిల్మ్ అని కేటగిరీలు చాంతాడంత ఉంటాయి, హాలు మాత్రం ఉండదు, చూసే జనం ఉండరు. ఎంట్రీ ఫీజు ఒకసారి, ట్రోఫీకి ఒకసారి, సర్టిఫికెట్‌కి ఒకసారి, ఇదే వాళ్ల వ్యాపారం. అసలైన ఫెస్టివల్ ఏదీ నీకు అవార్డిచ్చి ట్రోఫీ డబ్బులు నిన్నే కట్టమనదు.

ఒక ఫెస్టివల్ నిజమైనదో కాదో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. పోయినేడాది ఏ సినిమా ఏ హాల్లో ఎన్నింటికి వేశారో షెడ్యూల్ వెతుకు, సినిమాలు ఎంపిక చేసే ప్రోగ్రామర్ల పేర్లు వెబ్‌సైట్‌లో ఉన్నాయా చూడు, అక్కడ ఆడిన సినిమాల డైరెక్టర్లని ఇద్దర్ని ఇన్‌స్టాలో పట్టుకుని అన్నా నువ్వు వెళ్లావా, హాల్లో జనం ఉన్నారా అని అడుగు. చెప్తారు, ఈ ఫీల్డ్‌లో ఆ మాత్రం సాయం అందరూ చేస్తారు. షెడ్యూలే దొరకలేదంటే ఆ ఫెస్టివల్ లేనట్టే లెక్క. ఇంకో సంగతి, పోస్టర్ మీద ఇలాంటి ఫెస్టివల్స్ గుర్తుగా ఇచ్చే ఆకుల బొమ్మలు పది పన్నెండు అంటిస్తే బరువు పెరుగుతుంది అనుకుంటారు మనవాళ్లు, కానీ ప్రోగ్రామర్లకి ఆ పేర్లన్నీ తెలుసు, చూడగానే ఈ సినిమా ఎక్కడెక్కడో తిరిగొచ్చింది అనుకుంటారు. పోస్టర్ ఖాళీగా ఉంటేనే నయం.

ఇప్పుడు మీ ఫ్రెండ్ చెప్పిన అరవై సంగతి. వద్దు. ఫీజు దండగ అని మాత్రమే కాదు, ప్రీమియర్ పోతుంది, అది అంతకన్నా పెద్ద నష్టం. సినిమాని బయటి జనానికి ప్రపంచంలోనే మొదటిసారి చూపిస్తే వరల్డ్ ప్రీమియర్, సొంత దేశం దాటి మొదటిసారి ఐతే ఇంటర్నేషనల్ ప్రీమియర్, ఆ తర్వాత ఏషియన్ ప్రీమియర్, ఇండియా ప్రీమియర్ ఇలా మెట్లు మెట్లుగా ఉంటాయి. పెద్ద ఫెస్టివల్స్ కాంపిటీషన్ విభాగాల్లోకి రావాలంటే మామూలుగా వరల్డ్ ప్రీమియర్ అడుగుతారు, కొన్నిచోట్ల ఇంటర్నేషనల్ ప్రీమియర్ ఉన్నా ఒప్పుకుంటారు. ఇది ఒక్కసారి వాడేస్తే మళ్లీ రాదు. మన దేశంలో మొదట వేసినా బయటి దేశాలకి ఇంటర్నేషనల్ ప్రీమియర్ ఇంకా చేతిలో ఉంటుంది, అదే ముక్కూమొహం తెలియని ఒక విదేశీ ఫెస్టివల్‌లో నలభై మంది ముందు వేసేశావంటే రెండూ ఒక్క దెబ్బకే పోతాయి. అరవైకి కొడితే అన్నిటికన్నా ముందు ఒప్పుకునేది చిన్నదే, ఎందుకంటే దానికి వచ్చే సినిమాలు తక్కువ, జవాబు తొందరగా ఇస్తుంది, నువ్వు ఆ సంతోషంలో సరే అనేస్తావ్, రెండు నెలల తర్వాత పెద్దచోటు నుంచి మెయిల్ వస్తే అప్పుడు ఏమీ చెయ్యలేం.

తెలుగులో ఈ విషయం మీద ఎవరూ శ్రద్ధ పెట్టరనే నా బాధ. మలయాళం, మరాఠీ, అస్సామీ వాళ్లు ఫస్ట్ డ్రాఫ్ట్ రాస్తున్నప్పుడే ప్రీమియర్ ఎక్కడ అని ఆలోచిస్తారు, మనదగ్గర సినిమా పూర్తయ్యాక, థియేటర్ దొరక్క, ఓటీటీ ఒప్పుకోక, చివర్లో పోనీ ఫెస్టివల్‌కి పంపుదామా అంటారు. అప్పటికి ట్రైలర్ పాతదైపోయి ఉంటుంది, ప్రీమియర్ పోయి ఉంటుంది. తమిళంలో పి.ఎస్.వినోద్‌రాజ్ తీసిన ‘కూళాంగల్’ చూడు, మధురై వైపు ఎండిపోయిన పల్లెల్లో తీసిన మొదటి సినిమా, నిడివి గంటా పావు, 2021లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ ఫెస్టివల్‌లో వరల్డ్ ప్రీమియర్ పడి టైగర్ అవార్డు గెలిచింది, ఆ ఏడాది ఆస్కార్‌కి మన దేశం ఎంట్రీగా వెళ్లింది కూడా అదే. దాన్ని ముందే ఎక్కడో ఒకచోట వేసేసి ఉంటే ఆ దారే మొదలయ్యేది కాదు.

మరి నీ సినిమా ఎక్కడికి? మేకల కాపరి, మనవరాలు, ఊరివాళ్లే నటులు, ఉత్తరాంధ్ర యాస, ఇదంతా చూస్తే నేనైతే మొదట రోటర్‌డామ్ రాస్తాను, జనవరి చివర్లో మొదలవుతుంది, కొత్త దర్శకుల మొదటి సినిమాల కోసమే అక్కడ బ్రైట్ ఫ్యూచర్ అని విభాగం ఉంది. తర్వాత దక్షిణ కొరియాలో బుసాన్, సెప్టెంబర్ అక్టోబర్ ప్రాంతంలో జరుగుతుంది, ఆసియా కొత్తవాళ్ల మీద దానికి మొదటినుంచీ ప్రేమ ఎక్కువ. ఆగస్టులో స్విట్జర్లాండ్‌లో లొకార్నో, ఫిబ్రవరిలో బెర్లిన్‌లో ఫోరమ్ విభాగం. ఈ నాలుగింటిలో నీ మిక్సింగ్ అయ్యే టైంకి ఏది ముందొస్తుందో చూసుకుని దానికి మొదట పంపు, డెడ్‌లైన్లు ఫెస్టివల్‌కి కొన్ని నెలల ముందే అయిపోతాయి కాబట్టి క్యాలెండర్‌ని వెనక నుంచి లెక్కేసుకో. కాన్స్, వెనిస్‌కి పంపొద్దు అనను, పంపాలనిపిస్తే పంపు, కానీ దానికోసం మిగతావి ఆపుకుని కూర్చోకు.

ఐతే వీటన్నిటికన్నా ముందు నీ పరిస్థితికి సరిగ్గా సరిపోయేది ఒకటుంది, అది గోవాలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఎఫ్‌డీసీ నడిపే ఫిల్మ్ బజార్, 2025లో పేరు వేవ్స్ ఫిల్మ్ బజార్ అని మారింది. నవంబర్లో ఇఫీ, అంటే భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం, జరిగేటప్పుడే పక్కన జరుగుతుంది, 2007 నుంచీ ఉంది. అందులో వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ల్యాబ్ అని ఉంటుంది, మిక్సింగ్, డీఐ కాని రఫ్ కట్లే తీసుకుంటారు, ఎంపికైన ఆ కొద్ది సినిమాలని బయటి దేశాల ఎడిటర్లు, ఫెస్టివల్ వాళ్లు కూర్చుని చూసి ఎక్కడ సాగుతోంది, ఎక్కడ అర్థం కావట్లేదు అని డైరెక్టర్‌తో మాట్లాడతారు. ల్యాబ్‌లో రాకపోయినా వ్యూయింగ్ రూమ్ అని ఇంకోటి ఉంది, అక్కడ పెట్టిన సినిమాలని ప్రోగ్రామర్లు, సినిమా హక్కులు అమ్మిపెట్టే సేల్స్ ఏజెంట్లు కంప్యూటర్ల ముందు కూర్చుని వాళ్లకి కావాల్సింది వెతుక్కుని చూస్తారు. ఇది పబ్లిక్ స్క్రీనింగ్ కాదు కాబట్టి ప్రీమియర్‌కి ఏమీ కాదు. అప్లికేషన్ కొన్ని నెలల ముందే క్లోజ్ అవుతుంది, ఇప్పటినుంచే వాళ్ల సైట్ చూస్తూ ఉండు. ఈ ఒక్కటి జరిగితే మీరు అరవై ఫెస్టివల్స్‌కి కట్టే ఫీజుల పని అయిపోయినట్టే.

ఇక్కడ దేశంలో ఐతే ఇఫీలో మన సినిమాల విభాగం ఇండియన్ పనోరమా, డిసెంబర్లో తిరువనంతపురంలో జరిగే కేరళ ఫెస్టివల్ ఐఎఫ్ఎఫ్‌కే, ముంబైలో మామీ, ధర్మశాల, ఇంకా కోల్‌కతా, బెంగళూరు, చెన్నై, పుణె. నన్నడిగితే ఐఎఫ్ఎఫ్‌కే జనం లాంటి జనం ఎక్కడా ఉండరు, పొద్దున తొమ్మిదింటి షోకి క్యూ కట్టి, సీటు దొరక్కపోతే మెట్ల మీద కూర్చుని, భాష రాని సినిమా చూసి బయటికొచ్చి డైరెక్టర్ని పట్టుకుని గంట మాట్లాడతారు. ధర్మశాల చిన్నది కానీ ఇండిపెండెంట్ సినిమా కోసమే 2012లో పెట్టింది, మెక్లియోడ్ గంజ్‌లో నాలుగు రోజులు అందరూ అందరితో మాట్లాడుకునేంత చిన్న ఊరు, మొదటి సినిమా డైరెక్టర్‌కి అది చాలా మంచి చోటు. బయటి దేశాల్లో మన సినిమాల కోసమే జరిగేవి కూడా ఉన్నాయి, న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, లండన్, స్టుట్‌గార్ట్, మెల్‌బోర్న్. ‘కేరాఫ్ కంచరపాలెం’ గుర్తుందిగా, అది కూడా ఊరివాళ్లే నటించిన సినిమానే, న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్లి, ఆ తర్వాత 2018 సెప్టెంబర్ 7న ఇక్కడ థియేటర్లలోకి వచ్చింది, రానా దగ్గుబాటి సమర్పించాడు. అంటే ఆ దారి కూడా తెలుగు సినిమాకి తెరిచే ఉంది. కాకపోతే వీటిని రెండో వరసలో పెట్టుకో, ముందు పైన చెప్పిన వాటి జవాబు రానీ.

సరే, పంపే ముందు సినిమా గురించి. నాకు కొన్నేళ్లు ఫెస్టివల్స్‌కి ప్రీ-స్క్రీనింగ్ చేసిన అలవాటుంది కాబట్టి అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్తా విను. అమెరికాలో జరిగే సండాన్స్ ఫెస్టివల్‌కి 2024లో వచ్చిన ఫీచర్ ఫిల్మ్‌లే 4,410, వాటిలో తీసుకున్నది ఎనభై చిల్లర. మొదటి రౌండ్‌లో నీ సినిమా చూసేది డైరెక్టరో జ్యూరీయో కాదు, ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ రోజు నాలుగో సినిమా చూస్తున్న మనిషి. అతనికి నీ మొదటి పది నిమిషాలే పరిచయం. మన సినిమాలు ఎలా మొదలవుతాయో గుర్తు తెచ్చుకో, దేవుడి ఫొటో, నాన్నగారికి అంకితం, మూడు బ్యానర్ లోగోలు, కృతజ్ఞతలు అని ఊరి సర్పంచ్ నుంచి కెమెరా అద్దెకిచ్చినాయన దాకా రెండు నిమిషాల పేర్లు, పొగ తాగడం హానికరం, ఏ జంతువుకీ హాని జరగలేదు. వాళ్లందరికీ కృతజ్ఞత చెప్పాల్సిందే, చివర్లో చెప్పు, ఎంతసేపైనా చెప్పు. ఫెస్టివల్ కాపీ మాత్రం మొదటి షాట్‌తో మొదలవ్వాలి. మధ్యలో ఇంటర్వెల్ కార్డు ఉంటే తీసెయ్, ఇంటర్వెల్ కోసం కట్టిన బ్యాంగ్ కూడా ఒకసారి చూసుకో, అక్కడ ఆగకుండా నేరుగా తర్వాతి సీన్‌లోకి వెళ్తే చాలాసార్లు ఆ సీన్ రెండుసార్లు చెప్పినట్టు అనిపిస్తుంది.

2 గంటల 8 నిమిషాలు అన్నావు. నేను సినిమా చూడలేదు కాబట్టి తగ్గించు అని గట్టిగా చెప్పలేను, కానీ మేకల కాపరి కథ, మొదటి సినిమా, రెండు గంటలు దాటిందంటే అందులో పాటో, ఊరి జాతరో, మీకు తీసేటప్పుడు చాలా కష్టమైంది కాబట్టి ఉంచేసిన సీన్లో ఉండే ఉంటాయి. ఎడిట్ పక్కన పడేసి ఒక నెల ముట్టుకోకు. తర్వాత తెలుగు రాని ముగ్గుర్ని, సినిమా పిచ్చి లేనివాళ్లని, కూర్చోబెట్టి సబ్‌టైటిల్స్‌తో చూపించు, నువ్వు తెర చూడకు, వాళ్ల మొహాలు చూడు, ఫోన్ ఎక్కడ తీశారో ఆ టైంకోడ్ రాసుకో. ముగ్గురూ ఒకేచోట ఫోన్ తీస్తే అక్కడ కత్తెర పడాలి. అలాగని విదేశీ వాళ్ల కోసం యాస తగ్గించడం, కారణం లేకుండా షాట్లు లాగడం, మన ఊరి పేదరికాన్ని ఎక్కువ చేసి చూపించడం చెయ్యకు తమ్ముడూ, దయచేసి చెయ్యకు, ఫెస్టివల్ సినిమా అంటే ఇలా ఉండాలి అని ఊహించుకుని తీసిన సినిమాలు అక్కడ కుప్పలు కుప్పలు, నీ ఊళ్లో మేకలు సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు నిజంగా ఎలా వస్తాయో అది ఒక్కటి నీ దగ్గరే ఉంది.

సబ్‌టైటిల్స్ మీద పెట్టే డబ్బుకి వెనకాడకు. మనవాళ్లు రెండు రోజుల్లో ఎవరో ఒక తమ్ముడితో చేయించేసి చేతులు దులుపుకుంటారు. సెలెక్ట్ చేసేవాడికి నీ డైలాగ్ అంటే ఆ కింద రెండు లైన్లే, అంతకన్నా ఏమీ లేదు. ఒక్కసారికి రెండు లైన్లు దాటకూడదు, ఒక లైన్లో నలభై చిల్లర అక్షరాలకి మించకూడదు, చదివే టైం ఉండాలి, కట్ దగ్గర సబ్‌టైటిల్ అవతలి షాట్‌లోకి వేలాడకూడదు. తాత రెండు ముక్కలంటే నువ్వు కింద నాలుగు లైన్లు వివరణ ఇచ్చావనుకో, వాళ్లు తాత మొహం చూడ్డం మానేసి చదువుకుంటారు. పాట ఉంటే పాటకీ వెయ్యి, గోడ మీద రాత కథకి అవసరమైతే దానికీ వెయ్యి. తప్పుల్లేకుండా ఇంగ్లిష్ తెలిసినవాళ్లు ఒకరు, మీ యాస తెలిసినవాళ్లు ఒకరు పక్కపక్కన కూర్చుని చెయ్యాలి, ఒక్కడితో అయ్యే పని కాదు.

స్క్రీనర్, అంటే సెలెక్ట్ చేసేవాళ్లు చూసే కాపీ, పాస్‌వర్డ్ పెట్టిన విమియో లింక్‌గా ఇవ్వు, సబ్‌టైటిల్స్ బొమ్మలోనే కలిపేసి. డ్రైవ్ ఫోల్డర్ ఇచ్చి డౌన్‌లోడ్ చేసుకోండి అంటే చూసేవాడికి విసుగు. ఒకసారి పాస్‌వర్డ్ ఇచ్చాక ఏడాది పాటు మార్చకు, నువ్వు మార్చింది మర్చిపోతావ్, అక్కడ ఎవరో రాత్రి పదకొండింటికి ఓపెన్ చేసి తెరుచుకోక పక్క సినిమాకి వెళ్లిపోతారు. పెయిడ్ ప్లాన్ ఐతే లింక్ మారకుండా లోపల ఫైలు మార్చుకోవచ్చు, మిక్సింగ్ అయ్యాక కొత్తది పెట్టడానికి పనికొస్తుంది. ఐనా నా మాట ఏంటంటే, ఫిల్మ్ బజార్ ల్యాబ్ సంగతి వేరు, ఫెస్టివల్స్‌కి మాత్రం సౌండ్ కాకుండా పంపొద్దు. పిక్చర్ కలర్ లేకపోయినా క్షమిస్తారు, మాట వినపడకపోతే, గాలి మైకులో కొడుతుంటే, సినిమా రాని వాళ్లు తీశారు అనుకుంటారు. డెడ్‌లైన్ రేపే అని సగం చేసింది పంపేస్తే, ఒకసారి వద్దన్న సినిమాని వచ్చే ఏడాది మళ్లీ కొత్తగా చూడరు చాలామంది.

డైరెక్టర్ స్టేట్‌మెంట్ అడుగుతారు. గ్రామీణ జీవన సంఘర్షణని వెండితెరపై ఆవిష్కరించే చిన్న ప్రయత్నం, ఇలాంటిది ఇంగ్లిష్‌లోకి తిప్పి పెట్టకు, ఏఐతో కూడా రాయించకు, అవన్నీ ఒకేలా ఉంటాయి, చదివేవాళ్లకి తెలిసిపోతుంది. మేకలు అమ్మేసిన రోజు మా తాత అన్నం ముట్టలేదు, ఆ రోజు ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు, అది తియ్యాలనుకున్నా. నీ కథ వెనక ఇలాంటిదేదో ఉండే ఉంటుంది, దాన్ని ఎనిమిది పది వాక్యాల్లో తెలుగులోనే రాసుకుని తర్వాత ఇంగ్లిష్ చేయించు. స్టిల్స్ అంటే కెమెరా పక్కన నువ్వు టోపీ పెట్టుకుని చెయ్యి చూపిస్తున్న ఫొటో కాదు, సినిమాలోవి, క్యాటలాగ్‌లో అచ్చు వేసేంత క్వాలిటీలో ఐదారు.

సెన్సార్ గురించి అడిగావు. బయటి దేశాల ఫెస్టివల్స్‌కి సీబీఎఫ్‌సీ, అంటే సెన్సార్ బోర్డు, సర్టిఫికెట్ అక్కర్లేదు. మన దేశంలో ఫెస్టివల్స్‌కి సెన్సార్ కాని సినిమాలు వెయ్యడానికి సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది, 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం తొమ్మిదో సెక్షన్ కింద, ఆ అప్లికేషన్ ఫెస్టివల్ వాళ్లే పెట్టుకుంటారు, నువ్వు కాదు. కాబట్టి తొందరపడి ఇప్పుడే చేయించకు, కారణాలు రెండు. సెన్సార్ అయ్యేది ఒక ఫలానా కట్‌కి, తర్వాత నువ్వు ఇరవై నిమిషాలు తగ్గిస్తే మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లాలి. రెండోది తేదీ. నేషనల్ అవార్డ్స్‌కి ఒక క్యాలెండర్ ఏడాదిలో, అంటే జనవరి 1 నుంచి డిసెంబర్ 31 లోపు సర్టిఫికెట్ వచ్చిన సినిమాలే లెక్క, ఇండియన్ పనోరమాకేమో ఆగస్టు నుంచి జులై దాకా ఉన్న ఏడాదిలో సెన్సార్ ఐనా, సినిమా పూర్తైనా ఉండాలి. సర్టిఫికెట్ ఏ తేదీన వస్తే ఏ ఏడాది లెక్కలోకి వెళ్తావో చూసుకుని తెచ్చుకోవడం తెలివైన పని. ఏ ఏటికా ఏడు రూల్స్ పీడీఎఫ్ కొత్తగా వస్తుంది, ఒక్కో లైనూ చదువుకో.

సెన్సార్ ఇప్పుడొద్దు అన్నాను కానీ దాని కాగితాలు మాత్రం ఇప్పుడే కదిలించు, ఎందుకంటే నీ సినిమా నిండా మేకలున్నాయి. జంతువులు నటించిన సినిమాకి యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ నుంచి ఎన్ఓసీ లేకుండా సీబీఎఫ్‌సీ ముందుకి కదలదు, రూలు ప్రకారం షూటింగ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి. తీసుకునే ఉంటే మంచిది. తీసుకోకపోతే హైదరాబాద్‌లో సెన్సార్ పనులు చూసిపెట్టే మేనేజర్ ఒకర్ని పట్టుకుని ఇప్పుడే మాట్లాడు, పశువుల డాక్టర్ సర్టిఫికెట్లు, మేకలవి ఎవరివో ఆ ఓనర్ల కాగితాలు ఏమున్నాయో పోగుచెయ్. చిన్న సినిమాలు నెలల తరబడి ఆగిపోయేది కత్తిరింపుల దగ్గర కాదు, ఇక్కడ. ఫిల్మ్ ఛాంబర్‌లో టైటిల్ రిజిస్టర్ చేశారా లేదా అది కూడా చూసుకో. ఇంకా, సినిమాలో టీకొట్టు దగ్గర ఎక్కడైనా రేడియోలో పాత పాట వినిపిస్తే, ఎన్ని సెకన్లైనా సరే, ఆ ఆడియో కంపెనీ నుంచి హక్కు ఉండాలి, ఫెస్టివల్ ఫారంలో అన్ని హక్కులూ నావే అని నువ్వు సంతకం పెడతావు. అంత డబ్బు లేకపోతే పాట తీసేసి ఊళ్లో ఎవరి చేతనైనా పాడించు.

ఊళ్లో చూపించడం గురించి అడిగావు చూడు, ఆ మాట చదివి నాకు చాలా సంతోషమేసింది. చూపించు. నటీనటులకి, పనిచేసినవాళ్లకి, వాళ్ల ఇంట్లోవాళ్లకి వేసే షో ప్రీమియర్ కిందకి రాదు. టికెట్ ఉండకూడదు, గోడల మీద పోస్టర్ వెయ్యకూడదు, పేపర్ వాళ్లని, యూట్యూబ్ చానెల్ వాళ్లని పిలవకూడదు, అంతే. ఒకటే భయం, ఎవరో ఒకరు ప్రేమతోనే ఫోన్లో తీసి మా అత్త సినిమాలో యాక్ట్ చేసింది అని అరగంట ముక్క ఫేస్‌బుక్‌లో పెట్టేస్తారు. ముందే చెప్పు అందరికీ, మైకులో కాదు, ఇంటింటికీ వెళ్లి, ఇది బయటికొస్తే సినిమాకి ఏం నష్టమో అర్థమయ్యేలా చెప్తే ఊరివాళ్లు మాట తప్పరు. తెర మధ్యలో లేతగా వాటర్‌మార్క్ కూడా వేసుకో.

లక్ష రూపాయలు ఇలా వాడు. పెద్ద ఫెస్టివల్స్‌కి ఫీచర్ ఫిల్మ్ ఎంట్రీ లేట్ డెడ్‌లైన్‌లో వంద డాలర్ల దాకా కూడా పోతుంది, అదే ఎర్లీ డెడ్‌లైన్‌లో చాలా తక్కువ. మొత్తం మీద పన్నెండు పదిహేను చోట్లకి మించి పంపకు, సగం డబ్బు సబ్‌టైటిల్స్‌కీ, డీసీపీకీ, అంటే థియేటర్లో వేసే డిజిటల్ కాపీకీ, ఉంచు. ఫీజు మినహాయింపు అడగడానికి మొహమాటపడకు, నాలుగు లైన్ల మెయిల్, ఎవరు నువ్వు, సినిమా ఏంటి, ఎంతలో తీశారు, ట్రైలర్ లింక్, ఇవ్వగలరా అని. చాలామంది ఇవ్వరు, కొంతమంది కోడ్ పంపిస్తారు. డీసీపీ సెలెక్ట్ అయ్యాకే చెయ్యి, డీసీపీ-ఓ-మాటిక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంట్లోనే అవుతుంది, కాకపోతే పంపే ముందు విజయనగరంలోనో వైజాగ్‌లోనో పొద్దున షోకి ముందు థియేటర్ ఆపరేటర్‌ని బతిమాలి ఒక పది నిమిషాలు వేసి చూసుకో, సౌండ్ ఐదు స్పీకర్లలో సరిగ్గా వస్తుందా, సబ్‌టైటిల్ తెర కింద తెగిపోతుందా అని. ఎన్‌క్రిప్షన్ పెట్టకు, దాన్ని తెరిచే కేడీఎమ్ అనే డిజిటల్ తాళంచెవి టైం తేడా వచ్చి షో ఆగిపోతే ఆ బాధ మామూలుగా ఉండదు.

ఇంక బావ. పొలం తాకట్టు పెట్టిన మనిషికి ఫెస్టివల్ అంటే అర్థం కాకపోవడంలో తప్పేం లేదు, నెలనెలా వడ్డీ కట్టేది ఆయన. కూర్చోబెట్టి లెక్క చెప్పు. ఓటీటీ వాళ్లు స్టార్ లేని సినిమాకి ముందు డబ్బివ్వడం ఇప్పుడు బాగా తగ్గింది, ఎక్కువగా ఎంతమంది చూస్తే అంత అనే లెక్కలో తీసుకుంటారు, ఒక మంచి ఫెస్టివల్ పేరు ఉంటే మాట్లాడ్డానికి కనీసం కుర్చీ వేస్తారు. ఫెస్టివల్ వల్ల 22 లక్షలు వెనక్కి వస్తాయి అని మాత్రం ఆయనకి చెప్పకు, అది నిజం కాదు. ప్రీమియర్ అయ్యాక పిలిచే కొన్ని ఫెస్టివల్స్ స్క్రీనింగ్ ఫీజు ఇస్తాయి, అది ఖర్చులకి వస్తుంది, తాకట్టుకి రాదు. అందుకే ఒక గడువు పెట్టుకోండి ఇద్దరూ, రాతపూర్వకంగా ఐతే ఇంకా మంచిది, మిక్సింగ్ అయిన రోజు నుంచి ఏడాది. ఆ ఏడాదిలో ట్రైలర్ తప్ప సినిమా ఎక్కడా పబ్లిక్‌గా ఉండదు, యూట్యూబ్‌లో ఒక్కసారి పెడితే చాలా ఫెస్టివల్స్ ఫారం దగ్గరే ఆపేస్తాయి. ఏడాది తర్వాత పెద్దచోట్ల నుంచి ఏమీ రాకపోతే ఇక్కడి ఫెస్టివల్స్‌లో ఒకటి రెండు చూసుకుని, సెన్సార్ చేయించి, హైదరాబాద్‌లో లామకాన్ లాంటి చోట్ల, వైజాగ్‌లో, మీ జిల్లాలో నువ్వే వేసుకుంటూ తిరుగు, తర్వాత ఓటీటీ, అదీ కుదరకపోతే అప్పుడు యూట్యూబ్, ఆ వరసలో. బావ ఏడాది ఆగలేను అంటే ఎనిమిది నెలలైనా అడుగు, అంతకన్నా తక్కువైతే రోటర్‌డామ్, బెర్లిన్ రెండిటి జవాబూ రాదు.